పెట్రోలు జీపు, డీజిలు కారు

రాయచూరులో స్టేషనుకు వెనక, పత్తి జిన్నింగు మిల్లుల వైపు పోయే సందులో మా ఇల్లు ఉండేది. ఇంట్లో రెండు గదులే గానీ వాకిలి విశాలం. మా ఆయన ఆ ఇల్లు అద్దెకు తీసుకున్నదే వాకిలి చూసి. జీపు లోపలికి పడుతుందా లేదా అని గేటు కొలిచారు తప్ప, వంటగది ఎట్లా ఉందో తొంగి కూడా చూడలేదు.

ఆ జీపు యుద్ధకాలం నాటిది. మిలిటరీ వాళ్లు వేలం వేస్తే సికింద్రాబాదు పోయి కొనుక్కొచ్చారు. స్టీరింగు ఎడమవైపు. డ్రైవరు కాళ్ల దగ్గర మూడు రాడ్లుండేవి. ఒకటి గేర్లకు. రెండోది లాగితే ఇంజను బలం ముందు చక్రాలకు కూడా పోయేది. మూడోది బరువులు లాగడానికి. కాలువ పనులు సాగుతున్న రోజులవి. ఇంజనీర్లు, సర్వేవాళ్లు, కంట్రాక్టర్లు రోజూ ఎవరో ఒకరు బండి అడిగేవారు. మా ఆయన వాళ్లను ఎక్కించుకుని మాన్వి, లింగసుగూరు, గట్లూ పుట్టలూ అన్నీ తిరిగేవారు.

నాకు బండ్ల పిచ్చి పుట్టింట్లోనే అంటుకుంది. మా నాయన నిజాం కాలంలో ఒక జాగీర్దారు దగ్గర మోటారు డ్రైవరుగా చేశాడు. జాగీర్లు పోయాక రాయచూరు వచ్చి చిన్న రిపేరు షెడ్డు పెట్టుకున్నాడు. నేను అన్నం తీసుకుపోయి, ఆయన తినే దాకా అక్కడే కూర్చుని ప్లగ్గుల మసి గీకేదాన్ని. చేతులు నల్లగా చేసుకుని ఇంటికొస్తే మా అమ్మ తిట్టేది. పెళ్లిచూపులనాడు మా ఆయన నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. "వంటొస్తదా" అని కాదు. బయట నిలబడి ఉన్న ఎవరిదో లారీని చూపించి, "అది ఎందుకట్ల పొగ ఇడుస్తున్నదో తెలుసా?" అని. తెలుసన్నాను. ఆయిలు తాగుతున్నదని చెప్పాను. అప్పుడాయన నవ్విన నవ్వు నాకు ఇంకా గుర్తుంది.

పెళ్లయిన కొన్నేళ్లకు, ఒక ఎండాకాలం, మాన్విలో చుట్టాలింట పెళ్లికి పోయి తిరిగొస్తుంటే జీపు నడిరోడ్డు మీద ఆగిపోయింది. మా వైపు ఎండలకు పెట్రోలు పైపులోనే ఆవిరై ఇంజనుకు అందదు. ఆ రోగం మాకు కొత్త కాదు. మా ఆయన పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పి, అది చల్లబడేదాకా రోడ్డు పక్కన తుమ్మచెట్టు నీడలో గొంతుక్కూర్చున్నారు.

వెనక నుంచి ధడధడమని చప్పుడు వినిపించింది. చూస్తే వస్తున్నది కారు. చప్పుడు మాత్రం పిండిగిర్నిది. మా పక్కకొచ్చి ఆగింది. తెల్లపంచె, భుజాన తువ్వాలు, బాగా పొడుగాటి మనిషి ఒకాయన దిగారు. యాభై దాటి ఉంటాయి.

"ఏం తమ్ముడూ, బండికి వడదెబ్బ తగిలిందా?" అన్నారు.

మా ఆయనకు మండింది. "తడిగుడ్డ ఏసిన. జరసేపట్ల లేస్తది. మీదేందన్నా, కారుకు గిర్ని ఇంజను పెట్టిన్రా?"

"డీజిలయ్యా. ఇందులో పెట్రోలింజను పీకించేసి డీజిలింజను కూర్చోబెట్టించాను. ఎండకీ వానకీ మొహం తేలేసే రకం కాదిది."

ఇంకేముంది, ఇద్దరూ రెండు బానెట్లూ ఎత్తి నిలబడ్డారు. మా తడిగుడ్డ ఎప్పుడో ఎండిపోయింది. ఎవరికీ పట్టలేదు. డీజిలుకు ప్లగ్గులుండవు, మంటను ఒత్తిడే పుట్టిస్తుందని ఆయన. అందుకే అంత అదురుతుందని ఈయన. నేను కారు ముందు టైర్లు చూశాను. లోపలి అంచులు అరిగిపోయి ఉన్నాయి.

"ముందట బరువు పెరిగింది గదన్నా, స్ప్రింగులు మార్చిన్రా?" అని అడిగాను.

ఆయన వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశారు. "లేదు చెల్లెమ్మా. మార్చాలి. అరే, ఈ కారు చూసిన ఇంతమందిలో ఆ మాట అడిగింది నువ్వొక్కదానివే."

అట్లా పరిచయమయ్యారు. కోస్తా నుంచి వచ్చిన రైతు. అక్కడి కొద్ది పొలం అమ్ముకుని, కాలువ నీళ్లొస్తాయని తెలిసి మాన్వి అవతల నల్లరేగడి కొన్నారు. ఆయన లాగా వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లను మేము క్యాంపులు అనేవాళ్లం. ఆయన్ని మా ఇంట్లో పెద్దాయన అనేవాళ్లం.

ఆ తర్వాత వడ్లు అమ్మడానికో, సామాన్లకో రాయచూరు వచ్చినప్పుడల్లా ఆయన మా వాకిట్లో కారు ఆపేవారు. నేను టీ పెట్టి తెచ్చేలోపు వాదన మొదలై ఉండేది. ఆయన కారుకు గేరు స్టీరింగు కిందే ఉండేది. కూర్చున్న చోటు నుంచి కదలకుండా వేలితో మార్చొచ్చని ఆయన గొప్ప. అంత పొడుగు కడ్డీలు ఎక్కడో అక్కడ వదులై గేరు ఇరుక్కుంటుందని, గేరన్నది నేలమీద నుంచి నేరుగా పెట్టెలోకి దిగాలని మా ఆయన. నేనూ ఊరుకునేదాన్ని కాదు. నాకు మా జీపు ఇంజను మీద ప్రేమ. ఉదయం మొదటి తిప్పుకే లేచి, సన్నగా, ఒకే ఊపున తిరిగేది. డీజిలు పక్కన మాట వినపడదు, చీర అంతా వాసన. కానీ లోడుతో ఎక్కుడు ఎక్కేటప్పుడు డీజిలు తక్కువ తిరుగుళ్లలోనే లాగుతుందన్నది నిజం. అది ఒప్పుకుంటే మా ఆయన ముఖం చిన్నబుచ్చుకునేవారు.

"నువ్వు ఎవరి దిక్కే?" అనేవారు.

"ఇంజను దిక్కు," అనేదాన్ని.

మాటలతో తేలేది కాదని ఒకసారి పందెం వేసుకున్నారు. రెండు బండ్లూ టాంకులు నిండుగా నింపుకుని లింగసుగూరు పోయి రావాలి. తిరిగొచ్చాక మళ్లీ నింపి, ఎవరిది ఎంత తాగిందో చూడాలి. నేను పోయేటప్పుడు జీపులో, వచ్చేటప్పుడు కారులో కూర్చున్నాను, తీర్పు చెప్పడానికి. గుట్టల మధ్య ఎక్కుడులో జీపు మేకలా ఎగబాకింది. కారు నల్లపొగ వదులుతూ వెనకబడింది. చదును రోడ్డు మీద పెద్దాయన స్టీరింగు మీద రెండు వేళ్లు పెట్టి పాటలు పాడుతూ నడిపారు. లింగసుగూరు సంత దగ్గర మిర్చి బజ్జీలు తింటూ కూడా వాళ్లు గేర్ల గురించే మాట్లాడుకున్నారు. కన్నడంలో అడిగే బజ్జీలవాడికి ఒకరు ఉర్దూలో, ఇంకొకరు తెలుగులో జవాబిచ్చారు. తిరిగొచ్చి నింపితే, మా జీపు తాగిన దాంట్లో సగమే తాగింది కారు. అదీ చవక నూనె.

"తమ్ముడూ, నీది బండి కాదు, తాగుబోతు," అని పెద్దాయన నవ్వారు.

మా ఆయన కూడా నవ్వారు గానీ ఆ మాట లోపల దిగింది. నాకు తెలుసు. రెండు మూడు రోజులు జీపు కింద పడుకుని అటూ ఇటూ చూశారు. ఒక ఆదివారం ముందు చక్రాలకు పోయే షాఫ్టు ఊడదీసి బయటికి లాగారు.

"గదెందుకు తీస్తుండ్రు?" అన్నాను.

"ఇప్పుడు రోడ్లన్నీ కంకర రోడ్లైనయి. ముందట చక్రాలకు ఇంజను బలంతోటి ఏం పని? ఇది ఉత్తగ తిరుగుతాంటే పెట్రోలు బేకార్."

అందరు జీపులవాళ్లూ చేసే పనే అది. నిజంగానే పెట్రోలు కొంత మిగిలింది, స్టీరింగు కూడా తేలికైంది. షాఫ్టుకు గ్రీసు పూసి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టారు. తర్వాతిసారి వచ్చినప్పుడు పెద్దాయన వంగి కింద చూసి, "నాలుగు కాళ్ల జంతువును రెండు కాళ్లది చేశావే" అని ఎగతాళి చేశారు. నేనూ నవ్వాను.

ఆ ఏడు వానాకాలం చివర పెద్దాయన కోడలికి ఎనిమిదో నెల. పుట్టింటికి పంపేలోపు గాజులు తొడిగే వేడుక చేస్తున్నామని, మా ఇద్దర్నీ తప్పకుండా రమ్మని స్వయంగా వచ్చి పిలిచారు. ఆ పిల్లకు ఇరవై కూడా ఉండవు. సన్నగా, ఎప్పుడూ నేల చూస్తూ మాట్లాడేది. పెద్దాయన కొడుకు ఆ రోజు ఊళ్లో లేడు, కోస్తాలో ఏదో పని మీద పోయాడు.

మేము పోయేసరికి ఎండగానే ఉంది. పులిహోర, పూర్ణాలు, గారెలు. పిల్లకు రెండు చేతులా ఆకుపచ్చ గాజులు వేశారు. అందరూ పాటలు పాడుతుంటే తను మాత్రం ఎటో చూస్తూ కూర్చుంది. అలసిపోయిందేమో అనుకున్నాం. భోజనాలవుతుండగా మబ్బు కమ్మి వాన పట్టుకుంది. మా నల్లరేగడి మీద పడే వాన ఎట్లా ఉంటుందో అక్కడివాళ్లకే తెలుసు. క్షణంలో నేలంతా పిండి ముద్దై కాళ్లకు అంటుకుంటుంది. వాన తగ్గేదాకా మగవాళ్లిద్దరూ కొట్టంలో కారు బానెట్ ఎత్తుకుని నిలబడ్డారు. నేను అరుగు మీద నుంచి వాళ్ల మాటలు వింటున్నాను. డీజిలు చిమ్మే సన్నగొట్టాలు ఎన్నాళ్లకు విప్పాలన్నదాని మీద వాదించుకుంటున్నారు.

లోపల నుంచి పెద్దాయన భార్య పరుగెత్తుకుంటూ వచ్చింది. పెద్దాయన్ని అన్నా అని పిలిచినా, ఆమెను మాత్రం నేను అత్తమ్మా అనేదాన్ని.

"ఏవండీ, పిల్లకు రక్తం పోతోందండీ. ఆగట్లేదు. బండి తియ్యండి."

క్యాంపు నుంచి తారురోడ్డు దాకా పిల్లకాలువ గట్టు వెంట మట్టిదారి. వేసవిలో బీడీ కాలినంత సేపట్లో దాటేయొచ్చు. పెద్దాయన కారులో కూర్చుని తాళం తిప్పారు. చెమ్మకు బ్యాటరీ ఓపిక లేక మూలిగింది. మా ఆయన ముందుకు పోయి హ్యాండిలు వేసి తిప్పారు. అంత ఒత్తిడి ఉన్న ఇంజను చేతికి లొంగదు. రెండు మూడుసార్లు ఎదురు తన్నింది. చివరికి నల్లపొగ కక్కి లేచింది. పిల్లను ఎత్తుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టాం. కారు కొట్టం దాటింది, కళ్లం దాటింది, దారి మీదికి ఎక్కేచోట ముందు భాగం మెత్తగా కిందికి దిగింది. ఆ ఇనుప బరువంతా ముందు చక్రాల మీదే. పెద్దాయన ఎంత తొక్కితే అంత లోతుకు పోయింది.

"జీపులకు మారుద్దాం పట్టుండ్రి," అన్నారు మా ఆయన.

జీపు వెనక పరుపు పరిచి పిల్లను పడుకోబెట్టాం. అత్తమ్మ తల ఒళ్లో పెట్టుకుంది. జీపు తేలిక కాబట్టి కాలువ మలుపు దాకా బాగానే పోయింది. మలుపు దగ్గర వెనక చక్రాలు జారి, ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టాయి. బురద మా తలల మీదుగా ఎగిరింది. మా ఆయన చెయ్యి అలవాటు మీద రెండో రాడ్డు దగ్గరికి పోయింది. లాగారు. రాడ్డు వచ్చింది. ముందు చక్రాలు మాత్రం కదల్లేదు. ఆయన నా వైపు చూశారు. అప్పుడు ఆ ముఖం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

అత్తమ్మ వెనక నుంచి అరిచింది. "మీ ఇంజన్లు తగలెయ్య! ఏళ్ల తరబడి వాటి గురించే మాట్లాడారు గదయ్యా. ఒక్కటీ కదలదేం?"

పెద్దాయన పంచె ఎగ్గట్టుకుని పరుగున పోయి పాలేరు చేత ఎద్దుల్ని విప్పించుకొచ్చారు. వాళ్ల ట్రాక్టరు అప్పటికి ఇంజను విప్పి మాన్వి షెడ్డులో పడి ఉంది. ఎద్దుల కాడికి మోకు వేసి జీపు ముందు కొక్కేనికి కట్టారు. ఎద్దుల్ని పట్టడానికి పెద్దాయన, వెనక నుంచి తొయ్యడానికి మా ఆయన, పాలేరు. మరి స్టీరింగు?

"నువ్వు కూసో," అన్నారు మా ఆయన.

నేను అప్పటిదాకా జీపును మా వాకిట్లో ముందుకూ వెనక్కూ కదిపిందే గానీ రోడ్డెక్కించలేదు. ఎడమవైపు సీట్లోకి జరిగాను. చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాను.

"మొదటి గేరొద్దు, రెండోది ఎయ్యి. క్లచ్చి మెల్లగ ఇడువు. బండి జారితే తొక్కకు, ఇడిచిపెట్టు," అన్నారు.

పక్క పొలంలో కలుపు తీస్తూ వానకు చెట్టు కింద చేరిన ఆడవాళ్లు కొందరు చూసి గట్టెక్కి వచ్చారు. సరిహద్దు దగ్గర పల్లెల నుంచి కూలికి వచ్చినవాళ్లు, మా మాట మాట్లాడేవాళ్లు. ఏమైందని అడగలేదు. జీపులోకి ఒకసారి తొంగి చూశారు, అంతే. ఒకామె గడ్డి తెచ్చి చక్రాల కింద వేసింది. ఇంకొకామె తుమ్మకంప లాక్కొచ్చింది.

"బిడ్డా, జోరుగ తిప్పకే. గుంత వడ్తున్నది," అని ఒక ముసలామె నా పక్కనే నడుస్తూ చెప్పింది. "ఎద్దులు గుంజినప్పుడే నువ్వు గూడ కదులు."

ఆమె చెప్పినట్టే చేశాను. పెద్దాయన "హా... హా..." అని ఎద్దుల్ని అదిలించినప్పుడు క్లచ్చు వదిలేదాన్ని. ఎద్దులు ఆగితే నేనూ ఆగేదాన్ని. ఇంజను ఒకటి, రెండు ఎద్దులు, అంతమంది మనుషులు కలిసి ఆ జీపును అడుగు అడుగుగా గట్టు వెంట జరిపాం. ఎడమ పక్క కాలువ నిండుగా పారుతోంది. స్టీరింగు కొంచెం అటు పోతే అందరం అందులోకే. చేతులు తిమ్మిరెక్కాయి. వెనక పిల్ల మూలుగు వినిపించినంతసేపు భయమేసింది, మూలుగు ఆగిపోయినప్పుడు ఇంకా భయమేసింది.

"పలుకుతున్నదా అత్తమ్మా?" అని తిరక్కుండానే అడిగాను.

"కళ్లు తెరిచే ఉందమ్మా. నువ్వు ముందుకు చూడు."

తారురోడ్డు ఎక్కేసరికి వాన పూర్తిగా ఆగి ఎండ కాసింది. నేను పక్కకు జరిగాను. మా ఆయన ఒళ్లంతా బురదతో ఎక్కి, నా ముఖం చూడకుండా గేరు వేశారు. మోకు విప్పిన పెద్దాయన వెనక వేలాడుతూ ఎక్కారు. పంచె అంచు మీద నెత్తురుంది. ఎద్దుకాడి తగిలి చెయ్యి చీరుకుపోయిందట. ఆయనకూ ఆ తర్వాతే తెలిసింది.

మాన్వి ఆసుపత్రిలో చూసి రక్తం ఆపడానికి ఏదో ఇచ్చి, రాయచూరు తీసుకుపొమ్మన్నారు. పొద్దు వాలకముందే రాయచూరు చేరాం. పిల్ల బతికింది. బిడ్డ బతకలేదు. మగబిడ్డ.

లేడీ డాక్టరు నన్నూ అత్తమ్మనూ పక్కకు పిలిచి చెప్పింది. "మీరు తొందరగా తెచ్చినా బిడ్డ దక్కేదని చెప్పలేను. లోపల ఎప్పుడో పోయి ఉండాలి. తల్లి దక్కిందే గొప్ప." అత్తమ్మ ఆ మాట విన్నదో లేదో, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

బయట వేపచెట్టు కింద మగవాళ్లిద్దరూ నిలబడి ఉన్నారు. నేను పోయి విషయం చెప్పాను. డాక్టరు అన్న మాట కూడా చెప్పాను. వాళ్ల చెవులకు బిడ్డ దక్కలేదన్న మొదటి మాటే ఎక్కింది.

"ఆ దిక్కుమాలిన ఇంజను అంత బరువు లేకపోతే కళ్లం దగ్గరే దాటేసేవాళ్లం తమ్ముడూ," అన్నారు పెద్దాయన.

"నీ కారు కాదన్నా. నా షాఫ్టు. నాలుగు చక్రాలు తిరిగితే ఆ మలుపు ఒక లెక్కనా? అటక మీద పెట్టుకున్న, పూజ చేసుకోనీకె."

"కాదు, మొదట నాదే దిగబడింది. ఆ టైమంతా..."

"ఆగేది జీపు కాడ్నే ఆగింది గదా!"

అక్కడ కూడా వాళ్లు బండ్లనే పోల్చుకుంటున్నారు, ఎవరిది ఎక్కువ చెడ్డదని. నాకు ఒళ్లు మండిపోయింది. "డాక్టరమ్మ ఏమన్నదో ఇనరా మీరు? దేనికీ ఇంజనేనా?" అని అరిచాను. ఇద్దరూ నా వైపు చూశారు గానీ ఆ చూపులో నేను లేను.

మరుసటి రోజు పొద్దున్నే మా ఆయన అటక ఎక్కి షాఫ్టు దించారు. కిరసనాయిలుతో కడిగి, కొత్త బోల్టులు తెచ్చి బిగించారు. తిండి కూడా తినలేదు. బిగించిన తర్వాత రెండో రాడ్డు లాగుతూ వదులుతూ వాకిట్లో చాలాసేపు కూర్చున్నారు. ఆ తర్వాత కూడా కొన్ని నెలలు జీపు నడిపారు. మాట తగ్గింది. ఎవరైనా మైలేజీ గురించి ఎత్తితే లేచి పోయేవారు. చివరికి జీపును ఒక కాలువ కంట్రాక్టరుకు అమ్మేసి, సర్కారు బస్సులో డ్రైవరుగా చేరారు. నేను వద్దనలేదు. జీపు లేని వాకిలి చూస్తే మాత్రం కొన్నాళ్లు అన్నం సయించలేదు.

పెద్దాయన డీజిలింజనును కారులో నుంచి తీయించి, కాలువ నీళ్లు మెరకకు తోడడానికి పంపుకు పెట్టారని విన్నాం. మా ఇంటికి రావడం తగ్గించారు. వస్తే బస్సులో వచ్చేవారు. వరిలో తెగులు గురించి, ఎరువుల గురించి మాట్లాడి పోయేవారు. ఇద్దరికీ మధ్య కోపం లేదు. కోపముంటే బాగుండేదనిపించేది. ఒకరినొకరు చూసినప్పుడల్లా ఆ మలుపు గుర్తొస్తే ఏం మాట్లాడుకుంటారు?

రెండేళ్లకు కోడలు పిల్ల మళ్లీ నీళ్లోసుకుంది. ఈసారి ఏడో నెలలోనే పెద్దాయన తీసుకొచ్చి మా ఇంట్లో దించారు.

"పుట్టింటికి అంత దూరం పంపడానికి ధైర్యం చాలట్లేదు చెల్లెమ్మా. క్యాంపులో ఉంచనూ లేను. ఆసుపత్రి పక్కనే మీరున్నారు."

"మీరు చెప్పాల్నా అన్నా. నా చెల్లెలసొంటిది," అన్నాను.

పిల్ల మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాకు తోడుగా ఉండేది. బియ్యం ఏరేది, జొన్నరొట్టె కొట్టడం నేర్చుకుంటానని పిండి అంతా పాడుచేసేది. సందులో ఏదైనా జీపు పోతే చేతిలో పని ఆపేసి అది దూరం పోయేదాకా కదిలేది కాదు. మా ఆయన డ్యూటీ నుంచి వస్తే "అన్నయ్యా, నీళ్లు" అని చెంబు అందించేది. ఆయన తలెత్తకుండా తీసుకునేవారు.

ఒక మధ్యాహ్నం ఇద్దరం వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. ఉన్నట్టుండి అడిగింది.

"అక్కా, అన్నయ్య ఇంకా ఆ రోజు గురించే అనుకుంటారా?"

"అనుకోకుండ ఉంటడా? షాఫ్టు షాఫ్టని నిద్రల గూడ అంటడు. డాక్టరమ్మ ఏమన్నదో నేను మస్తుసార్లు చెప్పిన. నన్ను ఓదార్చనీకె అంటున్నవంటడు."

పిల్ల ఇంకో రెండు గింజలు తీసి పక్కన వేసింది. తర్వాత చాలా మెల్లగా చెప్పింది. "నాకు ముందు రోజు సాయంత్రం నుంచే కదలిక తెలియలేదక్కా. నిద్రపోతోందనుకున్నాను. పొద్దున్నా లేదు. అత్తయ్య పిండివంటలు మొదలుపెట్టేశారు, అందరినీ పిలిచేశారు. మావయ్యగారు కొత్త చీర తెచ్చారు. నోరు తెరవలేకపోయాను. గాజులయ్యాక చెబుదామనుకున్నాను."

గాజులు వేస్తున్నప్పుడు ఎటో చూస్తూ కూర్చున్న ఆ ముఖం కళ్లముందుకొచ్చింది.

"ఎవరికీ చెప్పొద్దక్కా. మా అత్తయ్యకు తెలిస్తే... మా ఆయనకు తెలిస్తే..." అని నా మణికట్టు పట్టుకుంది.

"చెప్పను," అన్నాను.

అన్నానే గానీ ఆ మాట నన్ను తినేసింది. మా ఆయన రెండేళ్లుగా మోస్తున్న బరువు ఒక్క మాటతో దించొచ్చు. ఆ జీపు నాలుగు చక్రాలూ తిరిగినా బిడ్డ దక్కేది కాదని, డాక్టరు ఊహగా కాదు, తల్లి నోటి నుంచే విన్నానని చెప్పొచ్చు. కానీ ఆ బరువు గాల్లో కలిసిపోదు. ఆ పిల్ల నెత్తిన పడుతుంది. ఇరవై ఒక్కేళ్ల పిల్ల, అత్తారింట్లో బతకాల్సిన పిల్ల. మా ఆయన ఎవరికీ చెప్పరు, నాకు తెలుసు. అయినా పెద్దాయన కన్నీళ్లు పెట్టుకుంటే ఆగగలరా? ఎన్నోసార్లు అన్నం వడ్డిస్తూ నోటి దాకా వచ్చింది. గిన్నె కింద పెట్టి వంటింట్లోకి పోయేదాన్ని.

నెలలు నిండాక ఒక ఉదయం పిల్లను రిక్షాలో ఆసుపత్రికి తీసుకుపోయాను. మధ్యాహ్నానికి కాన్పు అయింది. ఆడపిల్ల, గట్టిగా ఏడ్చింది. ఆ డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టి భుజం మీద తట్టింది. కబురందుకుని పెద్దాయన, అత్తమ్మ సాయంత్రం బస్సుకు వచ్చారు. అత్తమ్మ నన్ను కౌగిలించుకుని ఏడ్చింది.

మా ఆయన డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే వచ్చారు. గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. పెద్దాయన "రా తమ్ముడూ, చూడు" అన్నా లోపలికి రాలేదు. బయట కుళాయి దగ్గరికి పోయి సబ్బుతో చేతులు కడిగారు. వచ్చి, వాసన చూసుకుని, మళ్లీ పోయి కడిగారు.

"డీజిలు పోతలేదు," అన్నారు.

"ఏం కాదన్నయ్యా," అని పిల్ల మంచం మీద లేచి కూర్చుంది. బిడ్డను తనే ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన మోచేతులు బిగబట్టుకుని, ఊపిరి కూడా ఆపి నిలబడ్డారు. కళ్ల నుంచి నీళ్లు కారి ఖాకీ చొక్కా మీద పడుతున్నాయి.

"నాది తప్పయిందమ్మా," అన్నారు పిల్లతో. "ఆ రోజు."

పిల్ల నా వైపు చూసింది. నేను పిల్ల వైపు చూశాను. తను ఏదో అనబోయి పెదవులు కదిపింది. పక్కన అత్తమ్మ ఉంది, మామగారున్నారు. పిల్ల తల దించుకుని బిడ్డ కాళ్ల మీద గుడ్డ సర్దింది. నేను చెంబు తీసుకుని వేడినీళ్ల కోసం బయటికి వచ్చేశాను.